జనవరిలో ఒంటరిగా జపాన్: దారి, రైలు పాస్, చలి బట్టలు, శాకాహారం గురించి సలహా కావాలి

కొత్తబాటసారి:

అందరికీ నమస్కారం. జపాన్ వెళ్లడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కదాన్నే. బయలుదేరేది హైదరాబాద్ నుంచి. సెలవు రెండు విధాలుగా కుదురుతుంది: డిసెంబర్ 26 నుంచి, లేదా సంక్రాంతి కలిసొచ్చేలా జనవరి 8 నుంచి. మొత్తం పన్నెండు రాత్రులు.

ఇప్పటికి రాసుకున్న వరుస ఇది: టోక్యో 3, సప్పోరో 2, తకయామా 1, షిరకవాగో 1, కనజావా 1, క్యోటో 2, హిరోషిమా 1, ఒసాకా 1. అన్నిటికీ కలిపి ఏడు రోజుల జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ తీసుకుందామనుకుంటున్నాను. నేను శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. మంచులో నడిచిన అలవాటు అసలు లేదు. 23 కిలోల పెద్ద పెట్టె ఒకటి, భుజాన సంచి ఒకటి ఉంటాయి.

ఏ తేదీలు మంచివి? వరుసలో ఏం తీసేయాలి? పాస్ గిట్టుబాటవుతుందా? బట్టలు ఇక్కడే కొనాలా, అక్కడా? తిండి సంగతేమిటి? ఏది ముందు చెప్పినా సరే.

ఉత్తరగాలి:

తేదీల్లో జనవరి 8 ఖాయం చేసుకోండి. డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా జపాన్‌లో అందరూ సొంతూళ్లకు వెళ్తారు, సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. మ్యూజియాలు, ఇంటివాళ్లే నడుపుకునే చిన్న భోజనశాలలు చాలావరకు మూసి ఉంటాయి. టోక్యోలో మెయిజీ జింగూ, క్యోటోలో ఫుషిమి ఇనారి లాంటి చోట్ల కొత్త సంవత్సరం దర్శనాలకు విపరీతమైన జనం. టోక్యో–ఒసాకా దారిలో నడిచే నొజొమి రైళ్లలో ఆ రోజుల్లో అన్ని సీట్లూ రిజర్వేషనే. గదుల ధరలు కూడా అప్పుడే ఆకాశంలో ఉంటాయి. అదే జనవరి రెండో వారం తర్వాత రద్దీ తగ్గి, ధరలు దిగొస్తాయి. ఒక్క జాగ్రత్త: జనవరి రెండో సోమవారం ప్రభుత్వ సెలవు. ఆ శని, ఆది, సోమవారాలు టోక్యోలో గడిచేలా చూసుకోండి. అక్కడ గదులు ఎక్కువ కాబట్టి దొరక్కపోవడమనేది ఉండదు.

ఇక వరుస. దేశం నడుమ వెన్నెముకలా కొండలున్నాయి. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ పట్టుకుని ఆ కొండలకు కొట్టుకుని, మంచు అంతా పడమటి వైపే దించేస్తుంది. దాటి తూర్పుకు వచ్చేసరికి గాలి పొడిబారుతుంది. అందుకే జనవరిలో టోక్యో ఎండగా, పొడిగా ఉంటుంది: పగలు 10 డిగ్రీలు, తెల్లవారుజామున 1, 2. కనజావాలో అంకెలు చూస్తే పెద్ద తేడా ఉండదు, పగలు 7 దాకా వస్తుంది. కానీ అక్కడ రోజూ వాన, తడిమంచు, మధ్యలో ఉరుములు. భోజనం మరిచినా గొడుగు మరవొద్దని ఆ ఊళ్లో సామెతే ఉంది. తకయామా కొండల్లో రాత్రి మైనస్ 5 మామూలు. సప్పోరోలో చాలా రోజులు పగలు కూడా సున్నా దాటదు.

సప్పోరో తీసేయండి. విమానం గంటన్నరే అయినా, విమానాశ్రయాలకు వెళ్లడం రావడంతో కలిపి పోనూ రానూ చెరో సగం రోజు పోతుంది. పెద్ద మంచు కురిస్తే అక్కడి న్యూ చితోసె విమానాశ్రయంలో విమానాలు వరసగా రద్దవుతాయి, మీ వెనకాల బుకింగులన్నీ చెదిరిపోతాయి. ప్రసిద్ధమైన మంచు ఉత్సవం ఎలాగూ ఫిబ్రవరి మొదట్లోనే. దాన్ని మరో ప్రయాణానికి ఉంచుకోండి.

ఒక్క రాత్రి బసలు ఇన్ని ఉండకూడదు. గదిలోకి రానిచ్చేది మధ్యాహ్నం 3 గంటలకు, ఖాళీ చేయాల్సింది ఉదయం 10 లేదా 11కి. జనవరి మధ్యలో టోక్యోలో 4:50కి, క్యోటోలో 5 దాటగానే సూర్యాస్తమయం. గుళ్లు చాలావరకు 5కి మూసేస్తారు, 4:30 తర్వాత లోపలికి రానివ్వరు. అంటే ఊరు మారిన రోజున చేతిలో మిగిలేది మూడు నాలుగు గంటల వెలుతురే. నేనైతే ఇలా పెడతాను: టోక్యో 4, కనజావా 3, క్యోటో 3, హిరోషిమా 1, ఒసాకా 1. షిరకవాగోకు కనజావా నుంచి బస్సులో గంటంపావు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కనజావాలో మూడో రాత్రి ఎందుకంటే, మంచు ఎక్కువై ఎక్స్‌ప్రెస్‌వే మూసేస్తే షిరకవాగో బస్సులు రద్దవుతాయి. మర్నాడు వెళ్లే వీలుండాలి.

విమానం టికెట్ టోక్యోలో దిగి ఒసాకా కన్సాయ్ నుంచి తిరిగొచ్చేలా తీసుకోండి. మళ్లీ టోక్యోకు వెనక్కి పోవడం దండగ.

రైలుపెట్టె:

ఉత్తరగాలి గారి వరుస బాగుంది. తకయామా విషయంలో మాత్రం నా మాట వేరు. పాత వీధులు, ఉదయపు సంత ఇష్టమైతే కనజావాలో ఒక రాత్రి తగ్గించి అక్కడ పెట్టొచ్చు. తకయామా నుంచి షిరకవాగో బస్సులో 50 నిమిషాలే. టోక్యో నుంచి హొకురికు షిన్‌కన్సెన్ (బుల్లెట్ రైలు)లో తొయామా దాకా వెళ్లి, అక్కడ హిదా ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తకయామాకు గంటన్నర. కాకపోతే ఆ కొండదారి రైలు మంచుకు ఆగిపోయే అవకాశం ఎక్కువ. మొదటిసారి కాబట్టి మీరే తేల్చుకోండి.

ఇప్పుడు పాస్ లెక్క. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది. పాత బ్లాగులు, వీడియోలు చూసి కొంటే నష్టపోతారు. మీ దారిలో విడి టికెట్లు ఎంతవుతాయో చూడండి: టోక్యో నుంచి కనజావా 14,000 పైచిలుకు, కనజావా నుంచి క్యోటో సుమారు 8,000, క్యోటో–హిరోషిమా పోనూ రానూ 22,000 పైచిలుకు. మొత్తం 45,000 చుట్టుపక్కల. పాస్ వద్దు.

మీకు సరిపోయేది పడమటి జపాన్ రైళ్ల కంపెనీ జేఆర్ వెస్ట్ వాళ్ల కన్సాయ్–హిరోషిమా ఏరియా పాస్. ఐదు రోజులకు 17,000 యెన్లు. 2023లో పెంచిన ధర ఇది, కొనేముందు జేఆర్ వెస్ట్ సైట్లో మరోసారి చూసుకోండి. హిరోషిమా రానూపోనూ ఖర్చే అంతకంటే ఎక్కువ. పైగా హిరోషిమా పక్కనున్న మియాజిమా దీవికి పడవ, క్యోటో–ఒసాకా–నారా జేఆర్ రైళ్లు, చివరి రోజు కన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలు కూడా అందులోనే వస్తాయి. మియాజిమాలో 100 యెన్ల సందర్శకుల పన్ను మాత్రం విడిగా కట్టాలి. చాలామంది పొరపాటు పడేది ఒకచోట: క్యోటో నుంచి షిన్-ఒసాకా వరకు షిన్‌కన్సెన్ ఈ పాస్‌లో లేదు, ఆ ముక్క వేరే కంపెనీది. క్యోటోలో మామూలు జేఆర్ స్పెషల్ రాపిడ్ రైలెక్కి 25 నిమిషాల్లో షిన్-ఒసాకాలో దిగి, అక్కడ షిన్‌కన్సెన్ ఎక్కండి. షిన్-ఒసాకా దాటాక నొజొమి కూడా ఎక్కొచ్చు. ఐదు రోజులు వరసగా లెక్కిస్తారు కనుక హిరోషిమా వెళ్లే రోజునే మొదలుపెడితే విమానాశ్రయం దాకా సరిపోతుంది.

టోక్యో నుంచి కనజావాకు రెండు రకాల రైళ్లు. కగయాకి రెండున్నర గంటల్లో వెళ్తుంది, అంతా రిజర్వేషనే. హకుతకా ఎక్కువ చోట్ల ఆగుతుంది, రిజర్వేషన్ లేని పెట్టెలుంటాయి. తొయామా దగ్గర పడుతున్నప్పుడు ఎడమ కిటికీలోంచి తతెయామా మంచుకొండలు కనిపిస్తాయి, అటువైపు సీటు అడగండి. కనజావా నుంచి క్యోటోకు 2024 మార్చి 16 నుంచి నేరుగా రైలు లేదు. షిన్‌కన్సెన్‌లో త్సురుగా దాకా, అక్కడ థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్‌లోకి మారాలి. పై అంతస్తు నుంచి కింద అంతస్తుకు దిగడమే, మధ్యలో గేటు ఒక్కటే. మారడానికిచ్చే సమయం కనీసం 8 నిమిషాలు, చాలు. కానీ పెద్ద పెట్టెతో లిఫ్టు వరుసలో నిలబడితే చాలదు.

అందుకే పెట్టె మీతో తిప్పొద్దు. టోక్యో హోటల్ కౌంటర్లో తక్క్యుబిన్ (సామాను చేరవేసే సేవ) అని అడిగితే చీటీ ఇస్తారు. నేరుగా క్యోటో హోటల్‌కు పంపేయండి, పరిమాణాన్ని బట్టి 2,000 నుంచి 3,000 యెన్ల దాకా అవుతుంది. క్యోటో బుకింగులో ఉన్న పేరే, చెకిన్ తేదీతో సహా రాయండి. ముందురోజు క్యోటో హోటల్‌కు మెయిల్ పెడితే ఇంకా మంచిది. మామూలుగా మర్నాటికి చేరుతుంది, మంచు రోజుల్లో ఒక రోజు ఆలస్యం కావచ్చు. పవర్‌బ్యాంక్, మందులు, పాస్‌పోర్టు, ఒక జత లోబట్టలు భుజాన సంచిలోనే ఉండాలి. పెట్టెతోనే ప్రయాణిస్తానంటే పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. దాటితే టోక్యో–ఒసాకా–హిరోషిమా షిన్‌కన్సెన్‌లో సామాను చోటు ఉన్న సీటే బుక్ చేయాలి. అదనంగా డబ్బేమీ కట్టక్కర్లేదు, చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టిస్తారు.

సిటీ రైళ్లకు సుయికా కార్డు విమానాశ్రయంలోనే తీసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లు మన దగ్గర కొన్నవైతే అందులో సుయికా పనిచేయదు. ఐఫోన్‌లో పెట్టుకోవచ్చు గానీ మన కార్డులతో డబ్బు ఎక్కించడం కుదరదు. ప్లాస్టిక్ కార్డే మేలు, నోట్లతో రీచార్జ్ చేసుకోవచ్చు. అదే కార్డు క్యోటో, ఒసాకాల్లోనూ చెల్లుతుంది. టోక్యోలో గేటు తట్టి ఎక్కి కనజావాలో దిగడానికి మాత్రం పనికిరాదు, దూరప్రయాణానికి విడి టికెట్టే. కనజావా సిటీ బస్సులకు చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి.

కొత్తబాటసారి:

చాలా ధన్యవాదాలండీ, సప్పోరో తీసేశాను. తకయామా కూడా ఈసారికి వద్దు. ఇక బట్టలు, తిండి, వీసా సంగతి ఎవరైనా చెప్తారా? పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లొచ్చా?

పప్పుచారు:

తిండి సంగతి నేను చెప్తాను. శాకాహారికి జపాన్‌లో అసలు చిక్కు దాషి. ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాచిన పులుసు అది. మిసో సూప్, ఉదోన్, సోబా నూడుల్స్, టెంపురా నంజుకునే రసం, ఉడికించిన కూరలు, ఆఖరికి ఇనారి సుషీ పైన చుట్టే టోఫులో కూడా ఉంటుంది. కూరగాయలు మాత్రమే అని చెప్తే ముక్కలు తీసేసి అదే పులుసు పోసి తెస్తారు. వాళ్ల దృష్టిలో అది మోసం కాదు, పులుసును మాంసాహారంగా లెక్కపెట్టరు. ఫోన్‌లో ఈ వాక్యం జపనీస్ లిపిలో పెట్టుకుని చూపించండి: ‘నికు మొ, సకానా మొ, దాషి మొ తబెరరెమసెన్’. మాంసం, చేప, దాషి ఏదీ తినలేనని.

ప్యాకెట్ల వెనక అలెర్జీ పట్టిక చూసి నమ్మొద్దు. తప్పనిసరిగా రాయాల్సిన వాటిలో గుడ్డు, పాలు, గోధుమ, సోబా (బక్‌వీట్), వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ ఉన్నాయి. చేప లేదు. గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరాతో మొత్తం దినుసుల జాబితా చదవండి. చేప సారం, పంది కొవ్వు, జెలటిన్ ఉన్నాయేమో చూడండి. బ్రెడ్డు, బన్నుల్లో కూడా పంది కొవ్వు తగులుతుంది.

భోజనానికి టోక్యో స్టేషన్ గేట్ల లోపలే టీస్ తాన్‌తాన్ అనే పూర్తి శాకాహార రామెన్ దుకాణం ఉంది. కోకో ఇచిబాన్యా కర్రీ దుకాణాల్లో కొన్నిచోట్ల శాకాహార కర్రీ మెనూ విడిగా ఉంటుంది, అడిగితేనే ఇస్తారు. క్యోటోలో బౌద్ధ మఠాల వంటకాలు పెట్టే చోట్లున్నాయి. షోజిన్ ర్యోరి అంటారు, ముందే బుక్ చేయాలి, మధ్యాహ్నం పూటే ఎక్కువ. టోక్యో, క్యోటో, ఒసాకా, హిరోషిమాల్లో భారతీయ హోటళ్లకు కొదవ లేదు. ఇబ్బంది పడేది కనజావా, షిరకవాగోల్లోనే. షిరకవాగో వెళ్లే రోజు మధ్యాహ్నం తిండి సంచిలో పెట్టుకునే బయల్దేరండి.

మన ఇంటి దారి ఒకటుంది. సూపర్‌మార్కెట్లోనూ, కన్వీనియన్స్ స్టోర్లలోనూ 200 గ్రాముల వండిన అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. చాలా బిజినెస్ హోటళ్లలో మైక్రోవేవ్ వరండాలో ఉంటుంది. అన్నం, కందిపొడి, గోంగూర, పక్కన పెరుగు కప్పు. చలిలో తిరిగొచ్చాక అంతకంటే ఏం కావాలి! వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, పోహా ప్యాకెట్లు పొద్దున్న పూటకు పనికొస్తాయి. గదిలో కెటిల్ సాధారణంగా ఉంటుంది.

పొడులు, కూరగాయల పచ్చళ్లు తీసుకెళ్లొచ్చు. చెకిన్ సామానులోనే పెట్టండి, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఎండు మాంసం ఏ రూపంలోనూ తీసుకెళ్లకూడదు, చట్టప్రకారం నిషేధం. ఇంట్లో ఎవరైనా ప్రేమతో సర్దేస్తే తీసి పక్కన పెట్టండి. పచ్చి కరివేపాకు, తాజా పండ్లు కూడా వద్దు.

మందుల విషయం కూడా ఇక్కడే. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే తీసుకెళ్లొద్దు, పది శాతం దాటితే జపాన్‌లో నిషిద్ధం. కొడైన్ ఉన్న దగ్గుమందులూ ఇంట్లోనే వదిలేయండి. రోజూ వాడే మందులు నెల రోజులకు మించకుండా, డాక్టరు చీటీతో పాటు.

తడిమంచు:

బట్టలకు ఒకే సూత్రం: ఎండిపోయే బట్ట, విప్పుకోగల పొరలు. రైళ్లలో సీటు కింద హీటర్లుంటాయి, దుకాణాల్లో ఉక్కపోస్తుంది. లావుపాటి స్వెట్టరు ఒక్కటే వేసుకుంటే లోపల చెమట, బయటికి రాగానే ఆ చెమట చల్లబడి వణుకు. ఒంటికి అతికే థర్మల్ రెండు మూడు జతలు, పైన ఫ్లీస్ ఒకటి, ఆపైన గాలి, నీళ్లు చొరబడని టోపీ ఉన్న జాకెట్. చెవులు కప్పే టోపీ, గ్లవ్స్, మఫ్లర్. ఇక్కడ డెకాథ్లాన్‌లో ఒక జత కొని దిగండి, మిగతావి టోక్యోలో యునిక్లోలో కొనుక్కోండి. జీన్స్ వద్దు. మంచులో తడిస్తే రోజంతా ఆరదు, కాళ్లకు చల్లగా పట్టేస్తుంది.

డబ్బంతా పెట్టాల్సింది బూట్ల మీద. కనజావా రోడ్ల మధ్యలో నీళ్లు చిమ్మే గొట్టాలుంటాయి, భూగర్భజలంతో మంచు కరిగిస్తారు. దాంతో రోడ్డు పక్కన చీలమండ దాకా బురదమంచు నీళ్లు. అక్కడ మందం కన్నా నీళ్లు చొరబడకపోవడం ముఖ్యం. చీలమండ పైకి వచ్చేవి, అడుగున లోతైన గాళ్లున్న మెత్తని రబ్బరు, మందపు సాక్స్ పట్టేలా అర సైజు పెద్దవి. గుళ్లలో, కొన్ని భోజనశాలల్లో మాటిమాటికీ విప్పాలి కనుక లేసుల కన్నా జిప్పు మేలు. ఇక్కడే రెండు వారాలు తొడుక్కుని తిరగండి.

షిరకవాగోలో తొక్కి తొక్కి గట్టిపడిన మంచు మీద చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి మోపుతూ నడవండి. చేతులు జేబుల్లో పెట్టుకోకండి. తెల్లగీతల క్రాసింగులు, దుకాణాల గుమ్మాలు అన్నిటికన్నా ఎక్కువ జారతాయి. బూట్లకు తగిలించుకునే రబ్బరు స్పైకులు మంచు ప్రాంతాల దుకాణాల్లో దొరుకుతాయి. లోపలికి వెళ్లేముందు తీసేయండి, నున్నటి పలకల మీద వాటితోనే జారిపడతారు.

కైరో అని చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా దొరుకుతాయి. లోపలి ఇనుప పొడి గాలి తగిలి వేడెక్కుతుంది, పది పన్నెండు గంటలు ఉంటుంది. అంటించుకునే రకాన్ని నడుము వెనక, థర్మల్ మీద అంటించండి. నేరుగా చర్మం మీద పెట్టినా, పెట్టుకుని నిద్రపోయినా తక్కువ వేడికే బొబ్బలు వస్తాయి.

గదిలో హీటరుతో గాలి బాగా పొడిబారి గొంతు మండుతుంది. హోటల్ కౌంటర్లో హ్యుమిడిఫయర్ అడగండి, లేకపోతే తడి టవల్ మంచం దగ్గర ఆరేయండి. ఏసీ రిమోట్‌లో దంబో అంటే వేడి, రేబో అంటే చల్లదనం. కరెంటు 100 వోల్టులు, ప్లగ్ రెండు చదును పలకలది. ఫోన్ చార్జరు అడాప్టరుతో పనిచేస్తుంది, మన ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ పనిచేయవు.

వీసా కూడా చెప్పేస్తాను. ఇండియాలో ఉండే భారతీయులకు 2024 ఏప్రిల్ నుంచి టూరిస్టు ఈ-వీసా ఉంది, దరఖాస్తు వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తు కేంద్రం) ద్వారా. విమానాశ్రయంలో వీసా జారీ నోటీసును ఇంటర్నెట్‌తో ఫోన్‌లో తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు ఒప్పుకోరు. ఫోన్ చార్జింగ్ చూసుకోండి. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు విజిట్ జపాన్ వెబ్ అనే సైట్లో ముందే నింపుకుంటే వరుస త్వరగా కదులుతుంది. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేయండి. ఏటీఎంకు, దుకాణాలకు విడివిడిగా మీటలుంటాయి. నగదు 7-ఎలెవెన్‌లోని సెవెన్ బ్యాంక్ ఏటీఎంలో తీయండి. రూపాయల్లోకి మార్చాలా అని అడిగితే వద్దని యెన్లే ఎంచుకోండి, లేకపోతే మారకపు రేటులో కోత పడుతుంది. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, అది అక్కడి చట్టం. పోలీసులకు 110, అంబులెన్సుకు 119.

కొత్తబాటసారి:

అన్నీ రాసుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. కనజావా నుంచి క్యోటో వెళ్లే రోజు థండర్‌బర్డ్ మంచుకు రద్దయితే ఏం చేయాలి?

రైలుపెట్టె:

మంచు కన్నా గాలితోనే ఎక్కువ ఇబ్బంది. బివా సరస్సు పడమటి ఒడ్డున ఆ రైలు వెళ్లే కొసెయ్ లైన్ మీద హిరా కొండల నుంచి ఈదురుగాలి దిగుతుంది. గాలి హద్దు దాటితే రైళ్లు ఆపేస్తారు, లేదా సరస్సు తూర్పు వైపు మైబారా మీదుగా తిప్పుతారు. తిప్పితే అరగంట, ఆపైన ఆలస్యం, అంతే. ఆ పొద్దున గది ఖాళీ చేసే ముందు జేఆర్ వెస్ట్ సైట్లో కొసెయ్ లైన్ పరిస్థితి చూడండి. పూర్తిగా రద్దని ఉంటే, త్సురుగాలో షిరసాగి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మైబారాలో దిగండి, సుమారు అరగంట. అక్కడ షిన్‌కన్సెన్ మారితే క్యోటో 20 నిమిషాలు. టికెట్ మార్పు కనజావా స్టేషన్ కౌంటర్లోనే చేయించుకుని బయల్దేరండి, త్సురుగాలో అప్పటికే పెద్ద వరుస ఉంటుంది. ఎక్కిన ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే ఎక్స్‌ప్రెస్ రుసుము తిరిగిస్తారు. కాబట్టి దిగేటప్పుడు టికెట్ గేటులో వేసేయకుండా సిబ్బంది ఉన్న పక్క దారిలో చూపించండి.